బేల్దారికి ఒక్కరే పోవాలా, ఇల్లంతా కదలాలా: ఏది మేలు?

దసరా దాటిందంటే మా మెట్టలో, బేల్దారికి, అంటే ఇళ్లు కట్టే పనికి, మనుషుల్ని తీసుకుపోయే గుంపు మేస్త్రీల మోటారు సైకిళ్లు తిరగడం మొదలవుతుంది. ఏ ఇంట్లో పనిచేసే చేతులు ఎన్నున్నాయో, ఎవరికి ఎంత అవసరముందో ముందే కనుక్కుని రాత్రిపూట వచ్చి అరుగు మీద కూర్చుంటారు. తెల్లారేసరికి ఆ ఇంటావిడ మా గుమ్మంలో ఉంటుంది. "వొదినా, మీరు పోయొచ్చినోళ్లు గదా. ఆయనొక్కణ్ణే పంపమంటావా, పిల్లల్ని తీసకపోయి అందరం ఆడనే ఉండేదా?" ఈ ఏడు ఇప్పటికి ఐదుగురు అడిగారు. ఐదుగురికీ నిలబడి నాలుగు మాటలే చెప్పగలిగాను. అందుకే కూర్చుని రాస్తున్నాను.

మాది నెల్లూరు జిల్లా, వరికుంటపాడు మండలం. ఎందుకు పోతున్నారని మా ఉదయగిరి మెట్టలో ఎవరినీ అడగనక్కర్లేదు. చేలల్లో సగం జామాయిల్ వేశారు. జామాయిల్ నాటిన చేను నరికేదాకా నాలుగేళ్లు కూలి మనిషిని పిలవదు. వెలిగొండ ప్రాజెక్టుకు 1996లో శంకుస్థాపన జరిగినప్పుడు నేను చిన్నపిల్లను. ఆ నీళ్ల కోసం ఎదురుచూస్తూనే మా తరం బస్సులెక్కింది. మేమూ 2021లో బోరు ఎండిపోయాక మొగుడూ పెళ్లాం ఇద్దరి పనికీ కలిపి ముందే ఇచ్చే జంట అడ్వాన్సు అరవై వేలు తీసుకుని, ఏడేళ్ల పాపను, ఐదేళ్ల అబ్బోణ్ణి వెంటబెట్టుకుని బెంగుళూరులో వర్తూరు దగ్గరికి పోయాం. మూడేళ్లు ఉన్నాం. 2024 జూన్‌లో బళ్లు తెరిచే నాటికి నేనూ పిల్లలూ వచ్చేశాం. ఆయన ఇప్పటికీ అక్కడే తాపీ పని చేస్తున్నాడు, నెలా పదిహేను రోజులకొకసారి వస్తాడు. రెండు పద్ధతులూ నా ఒంటి మీదుగా పోయినవే.

అందరూ ముందు డబ్బు సంగతే అడుగుతారు కాబట్టి అదే ముందు చెప్తాను. ఇద్దరం పనిచేస్తే రెండింతలు మిగులుతుందని పోయేటప్పుడు నేనూ అనుకున్నాను. అడ్వాన్సు తీరిపోయిన మూడో ఏటి లెక్క ఇది. ఆయనకు రోజుకు వెయ్యి, ఇటుక, మాలు అందించే నాకు 600. ఆయన 25 రోజులు, నేను 22 రోజులు పనికిపోతే నెలకు 38,200. అందులో రేకుల గదికి బాడుగ 4,500, కరెంటు, నీళ్లకు 800, గ్యాసు, బియ్యం, కూరలకు పదివేల ఐదొందలు, పిల్లల ఫీజులూ ఆటో 4,500, ఆసుపత్రీ ఫోన్లూ రెండున్నర వేలు. ఊళ్లో అత్తకు పంపేది మూడు వేలు. చివరకు చేతిలో నిలిచేది 12,400.

ఇప్పుడు ఆయనొక్కడే. వచ్చిపోయే రోజులు తీసేస్తే నెలకు 22 రోజుల పని, 22 వేలు. నలుగురు కలిసి ఉండే గదిలో వాటా, తిండి, బస్సు ఛార్జీలు, ఫోను కలిపి 9,200 పోతే పంపేది 12,800. నేను మిషను కుడతాను. పొగాకు రోజుల్లో ఆకు ఆరబెట్టే బ్యారన్ దగ్గర దాన్ని కర్రలకు అల్లడానికీ తర్వాత గ్రేడింగుకూ పోతాను, ఎండాకాలం కరువు పని ఉంటే దానికి పోతాను. ఏడాది మొత్తం కలిపి చూస్తే నెలకు నాలుగున్నర వేలు పడుతుంది. సొంత ఇల్లు, అత్తతో కలిపి నలుగురం, ఖర్చు తొమ్మిది వేలు. మిగిలేది 8,300.

అంటే తేడా నెలకు 4,100. పిల్లలిద్దరూ ఇక్కడి బడిలో ఉన్నారు కాబట్టి 2025 జూన్‌లో, బడికి పోయే పిల్లల తల్లులకు మన రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చే తల్లికి వందనం కింద ఒక్కొక్కరికి 13 వేల చొప్పున నా ఖాతాలో పడింది. దాన్ని పన్నెండు నెలలకు పంచి చూస్తే తేడా రెండు వేలకు లోపే. దానికి హాజరు 75 శాతం ఉండాలి. కార్తీకంలో పిల్లల్ని బస్సెక్కించి ఎండాకాలం తీసుకొచ్చే ఇంట్లో ఆ హాజరు ఉండదు. పోయేముందు ఈ లెక్క ఎవరూ వెయ్యరు, మేమూ వెయ్యలేదు.

బియ్యం సంగతి కూడా అడుగుతుంటారు. కేంద్రం వాటా ఉన్న కార్డయితే ఏ రాష్ట్రంలోనైనా వేలిముద్ర వేసి మనిషికి ఐదు కిలోలు తీసుకోవచ్చు. తెలంగాణతో మనకు 2019 ఆగస్టు నుంచే ఆ ఏర్పాటు ఉంది. ఒకే కార్డు మీద కొందరి వాటా అక్కడ, మిగిలినోళ్ల వాటా ఇక్కడ తీసుకునే వీలూ ఉంది. కాబట్టి బియ్యం కోసం ఎటూ తేల్చుకోనక్కర్లేదు.

బడి మాత్రం అలా కాదు. బెంగుళూరులో ఏ బడిలో వేసినా కన్నడం తప్పనిసరి. నేర్చుకోవడం మంచిదే, పిల్లలు మూడు నెలల్లో గడగడా మాట్లాడారు కూడా. వచ్చాక మా అబ్బోణ్ణి ఊరి బడిలో మూడో తరగతిలో చేర్చుకున్నారు. విద్యా హక్కు చట్టం ప్రకారం వయసును బట్టి తీసుకోవాలి, టీసీ ఆలస్యమైందని చేర్చుకోకుండా ఉండకూడదు. అది నిజంగానే పనికొచ్చింది. మొదటి రోజు సాయంత్రం వాడు పలక మీద ఊరి పేరు రాసి చూపించాడు. అక్షరాలన్నీ ఉన్నాయి, కానీ తలకట్టు టిక్కు పెట్టినట్టు పైకి లేవకుండా అడ్డగీతలాగా పడుకుని ఉంది. కన్నడంలో అలాగే ఉంటుంది. చూసి మా అత్త "ఇదేందే, మనదే గానీ మనది గాదు" అంది. వాళ్ల అక్క పక్కన కూర్చుని ఒక్కొక్క అక్షరానికీ తలకట్టు దిద్దించింది. ఒత్తులు సరిగ్గా రావడానికి ఆ ఏడాదంతా పట్టింది. వాడు మూడో తరగతిలో ఉన్నాడు కాబట్టి సరిపోయింది. ఆరులోనో ఏడులోనో తిరిగొచ్చిన పిల్లలు మా వీధిలోనే ఇద్దరున్నారు. వెనక బెంచీలో కొన్నాళ్లు కూర్చుని మానేశారు. ఒకడు ఇప్పుడు వాళ్ల నాన్న పక్కనే మాలు కలుపుతున్నాడు.

అయినా నన్ను వెనక్కి తీసుకొచ్చింది డబ్బూ కాదు, బడీ కాదు. ఐదుగురిలో ఎవరూ అడగనిది ఒకటుంది. మధ్యలో అవసరమొస్తే తిరిగి రానిస్తారా?

2022 ఆగస్టులో మూడో అంతస్తు స్లాబు వేస్తున్నాం. పొద్దున నుంచి మాలు మోస్తున్నా. పదకొండు గంటలప్పుడు ఆయనకు ఫోనొచ్చింది, మామ పోయాడని. ఆయన చేతులు కడుక్కోకుండానే కిందికి దిగి గుంపు మేస్త్రి దగ్గరికి పోయాడు. మేస్త్రి చెడ్డగా ఏమీ మాట్లాడలేదు. బస్సు ఛార్జీకి వెయ్యి తీసిచ్చాడు. ఇచ్చి, "నువ్వు పోయిరా. ఆమె, పిల్లలు ఉంటారులే. ఇంకా ముప్పై నాలుగు వేలు ఉండాది గదా" అన్నాడు. ఆయన నావైపు చూశాడు. నేను తల తిప్పుకున్నాను. స్లాబు మధ్యలో ఆపకూడదు కాబట్టి రాత్రి ఎనిమిదిదాకా మాలు మోస్తూనే ఉన్నాను. పాప షెడ్డు దగ్గర తమ్ముణ్ణి ఒళ్లో పెట్టుకుని కూర్చుని, నేను దిగి రాగానే అడిగింది: "అమ్మా, మరి నేను తాతకు దణ్ణం ఎప్పుడు పెట్టుకునేది?"

పెద్దకర్మకు కూడా నేను లేను. ఊళ్లో మగోళ్లంతా బెంగుళూరు, హైదరాబాదుల్లో ఉంటే పాడె ఎత్తడానికి మనిషి చాలక పక్క పాలెం వాళ్లు వచ్చి భుజం పట్టారట. మా చిన్నప్పుడు ఏ వీధి పాడె ఆ వీధివాళ్లే మోసేవాళ్లు. ఆ రోజు వచ్చి మోసిన నలుగురి ఇళ్లకూ ఇప్పుడు మేం పండక్కి పోతాం, వాళ్లు మా ఇంట్లో అన్నం తింటారు. వలస వల్ల మా ఊళ్లో జరిగిన మంచి ఏదైనా ఉందంటే అదొకటి. కానీ కోడలు మామ పెద్దకర్మకు రాలేదనే మాట బంధువుల్లో ఏడాదిపాటు తిరిగింది. మా అత్త మాత్రం నన్ను ఒక్క మాట అనలేదు. ఆమె ఏదో ఒకటి అని ఉంటే నాకు తేలికయ్యేది.

జంట అడ్వాన్సులో ఉండేది ఇదే. ఒకరు కదిలితే రెండోవాళ్లు తాకట్టు. పిల్లలు కూడా వెంట ఉంటే తాకట్టు ఇంకా గట్టిగా ఉంటుంది. పిల్లల్ని వదిలి ఎవరూ పారిపోరని మేస్త్రికి బాగా తెలుసు. ఇల్లంతా రమ్మని వాళ్లు బతిమాలి మరీ పిలిచేది మన పిల్లల మీద ప్రేమతో కాదు. అప్పు పేరుతో మనిషిని కదలనివ్వకుండా పనిచేయించుకోవడం 1976 వెట్టిచాకిరి రద్దు చట్టం ప్రకారం నేరం. అలాంటి అప్పు చెల్లదు కూడా. ఆ ముక్క నాకు తిరిగొచ్చిన తర్వాత తెలిసింది. ఆ రోజు తెలిసి ఉంటే ఏం చేసేదాన్నో చెప్పలేను, పైఊళ్లో పిల్లలతో ఉన్న మనిషి చట్టం చెప్పి గెలవడం సులువు కాదు. ముందు ఆ కట్టులోకి పోకుండా ఉండడమే మన చేతిలో ఉంది.

ఒక్కరే పోయినప్పుడు అడ్వాన్సు అడిగినా తక్కువిస్తారు, అసలు తీసుకోకుండా రోజుకూలికి కుదరడం సులువు. మా ఆయన ఇప్పుడు అలాగే ఉన్నాడు. మొన్న అబ్బోడికి జ్వరం తగ్గక నెల్లూరు తీసుకుపోవాల్సి వస్తే రాత్రి ఫోన్ చేశాను, మర్నాడు మధ్యాహ్నానికి ఆసుపత్రిలో ఉన్నాడు. ఎవరినీ అడగలేదు. రోజుకూలిలో పని దొరకని రోజులు ఉంటాయి, నిజమే. నేను వేసిన 22 రోజుల లెక్కలో అవి కూడా కలిసే ఉన్నాయి.

ఒక్కరే పోతే అన్నీ బాగుంటాయని నేను చెప్పను. మొదటి ఆరు నెలలూ ఆయన వచ్చినప్పుడల్లా అబ్బోడు నా కొంగు పట్టుకుని వెనక నిలబడేవాడు. చుట్టమొచ్చినట్టు ఉండేది. బిస్కెట్ ప్యాకెట్టు ఇచ్చి దగ్గరికి పిలుచుకోవాల్సి వచ్చిందని ఆయన బాధపడ్డాడు. అక్కడ ఆయన తిండి తిండి కాదు. సాయంత్రం గదిలో నలుగురు మగోళ్లు, ఒకడు సీసా తెస్తే మిగిలిన ముగ్గురూ ఎన్నాళ్లు వద్దంటారు? మా ఆయనకు ఆ అలవాటు లేదు, కాబట్టి మాకు కుదిరింది. ఇక్కడ నా సంగతీ చెప్పాలి. మగోడు లేని ఇంటికి పొద్దుగూకాక ఎవరొచ్చినా ఊరు చూస్తుంది. కొలతలివ్వడానికి వచ్చిన తమ్ముడి వరసాయన్ని కూడా వాకిట్లోనే నిలబెట్టి మాట్లాడేదాన్ని. మొదట్లో కుంగిపోయాను. బ్యాంకు, సచివాలయం, బడి కమిటీ మీటింగు, ఎరువుల కొట్టు అన్నీ నేనే తిరగాల్సి వచ్చేసరికి కొన్నాళ్లకు ఆ చూపులను పట్టించుకోవడం మానేశాను. పొలం కౌలు మాట్లాడింది ఈసారి నేనే. ఆయన ఫోన్లో "నువ్వెట్టంటే అట్ట" అన్నాడు. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆ మాట ఎప్పుడూ వినలేదు.

పిల్లల్ని అవ్వాతాతల దగ్గర వదిలి ఇద్దరూ పోవడం మూడో దారి. మా ఊళ్లో ఎక్కువమంది చేసేది ఇదే, నాకు అన్నిటికంటే భయమేసేదీ ఇదే. అవ్వ ప్రేమగా చూడదని కాదు. మా పక్కింట్లో డెబ్బై దాటిన అవ్వ, పన్నెండేళ్ల మనవడు ఉంటారు. అమ్మానాన్నలు హైదరాబాదులో. అవ్వకు బీపీ మాత్రలు ఏ పూట ఏది వెయ్యాలో వాడికి తెలుసు. ఒకటో తారీఖు పింఛను నాలుగు వేలు ఇచ్చేటప్పుడు అవ్వ వేలు పడకపోతే తడిగుడ్డతో తుడిచి మళ్లీ పెట్టించేది వాడే. ఆసుపత్రికి తీసుకుపోయేదీ వాడే, ఆ రోజు బడి ఉండదు. అవ్వ మనవణ్ణి చూసుకుంటోందని హైదరాబాదులో వాళ్లు అనుకుంటున్నారు. ఇక్కడ మనవడే అవ్వను చూసుకుంటున్నాడు. వాడికేమైనా అయితే చెప్పుకునేది ఫోనుకే. ఇద్దరూ పోక తప్పకపోతే వారానికి రెండుసార్లు ఇంటికొచ్చి చూసిపోయే పెద్దమనిషి, అత్తో పిన్నో, ఒకరు ఊళ్లో ఉండాలి. లేకపోతే వద్దనే నేను చెప్తాను.

ఆడపిల్లల విషయానికొస్తే ఇంకో ముడి ఉంది. పెద్దమనిషైన పిల్లను షెడ్డులో పడుకోబెట్టలేరు. తలుపు గడియ ఉండదు, స్నానానికి మరుగుండదు, చుట్టూ తెలియని మగోళ్లు. ముసలమ్మ దగ్గర వదలడానికీ ధైర్యం చాలదు. ఆ రెంటి మధ్యా నలిగి పదిహేను, పదహారేళ్లకే పెళ్లి చేసేసి "బాధ్యత తీరింది" అని బస్సెక్కిన ఇళ్లు నాకు తెలుసు. తప్పని వాళ్లకూ తెలుసు, 18 నిండాలని అందరికీ తెలుసు. ఆ పిల్లల్లో ఒకమ్మాయి నాతోపాటు ఆకు అల్లడానికి వచ్చేది, చంకలో బిడ్డతో. పదో తరగతిలో తనకు లెక్కల్లో తొంభై ఒకటి వచ్చిందని కర్రకు ఆకు అల్లుతూ అల్లుతూ చెప్పింది. ఐదో తరగతి దాటిన ఆడపిల్ల ఇంట్లో ఉంటే, తల్లి ఊళ్లో ఉండే వీలు లేకపోతే కస్తూర్బా విద్యాలయంలో చేర్చండి. అక్కడే ఉండి చదువుకోవచ్చు, ఖర్చు లేదు. అమ్మానాన్నలు వలస పోయే పిల్లలే అని చెప్పి అడగండి. మా పాప ఇప్పుడు ఏడులో ఉంది. నేను ఇక్కడే ఉండిపోవడానికి సగం కారణం తనే.

మిగిలినవి త్వరగా చెప్తాను. మిరపకోతలకు గుంటూరు, పల్నాడు వైపు పోవడం రెండు మూడు నెలల పని. పిల్లలకు పరీక్షలు దగ్గరపడే కాలమే కాబట్టి, వలస పోయేవాళ్ల పిల్లల కోసం సర్కారు పెట్టే సీజనల్ హాస్టల్ తెరిస్తే వాళ్లను అందులో వేసి పోవడం మంచిది, తీసుకుపోకండి. కువైట్‌కు ఆడవాళ్లు ఇంటిపనికి పోవడం గురించి కూడా ఇద్దరు అడిగారు. ముప్పై ఏళ్లు నిండనివాళ్లను ఇంటిపనికి పంపకూడదని మన ప్రభుత్వ నిబంధన. విజిట్ వీసా మీద పంపుతానని ఏజెంటు అంటే అక్కడితో మాట ఆపెయ్యండి. సరైన దారిలో పోయేవాళ్లు 275 రూపాయలకు రెండేళ్లు వచ్చే ప్రవాసీ భారతీయ బీమా తప్పకుండా కట్టించుకోవాలి, పది లక్షలది. అవసరమైనా రాలేని చోటు కాబట్టి నా ఓటు దానికి లేదు.

ఇల్లంతా పోవడమే మంచిదయ్యే ఇళ్లు కూడా కొన్ని ఉన్నాయి. పిల్లలు ఐదేళ్లలోపువాళ్లయితే తండ్రి కళ్లముందు పెరగడం మంచిది, బడి నష్టమూ ఉండదు. పోయేది హైదరాబాదుకైతే అక్కడి సర్కారు బడిలో తెలుగు నేర్పుతారు కాబట్టి తలకట్టు బాధ లేదు. ఇంటాయన ఒంటరిగా ఉంటే తాగుతాడని మీకే తెలిస్తే, లేదా ఊళ్లో మిమ్మల్ని చూసుకునేవాళ్లు ఎవరూ లేకపోతే, వెంట పోండి. పోయినా అడ్వాన్సు ఒకరి పేరున మాత్రమే తీసుకోండి, అదీ రెండు నెలల కూలికి మించకుండా. ఎంత తీసుకున్నారు, ఎంత తీరింది అనేది మీ సొంత నోటు పుస్తకంలో వారం వారం రాసి మేస్త్రితో సంతకం పెట్టించండి. మేం రాసుకోలేదు. ముప్పై నాలుగు వేలు అన్నప్పుడు అది నిజమో కాదో చెప్పడానికి మా దగ్గర కాగితం లేదు. బేల్దారి పని ఏడాదికి 90 రోజులు చేసినవాళ్లు, 18 నుంచి 60 ఏళ్ల మధ్య ఉన్నవాళ్లు భవన నిర్మాణ కార్మికుల బోర్డులో పేరు నమోదు చేయించుకోవచ్చు. ఏ రాష్ట్రంలో పనిచేస్తుంటే ఆ రాష్ట్రపు బోర్డులో. ఇక్కడి కార్డు ఉంది కదా అని అక్కడ ఊరుకోవద్దు.

నిన్న వచ్చిన వొదినకు ఎనభై వేల అప్పు ఉంది. పిల్లలకు నాలుగేళ్లు, తొమ్మిదేళ్లు. మేస్త్రి జంటకు లక్ష ఇస్తానన్నాడట, అప్పు తీరి ఇంకా ఇరవై వేలు చేతిలో ఉంటాయి కదా అని ఆమె ఆశ. ఆమె ముందు కూర్చుని మా లెక్క మొత్తం మళ్లీ వేశాను, మామ పోయినప్పటి సంగతి కూడా చెప్పాను. అన్నను ఒక్కణ్ణే మా ఆయన ఉన్న గదికి పంపమన్నాను, అక్కడ ఒక మంచం ఖాళీ అవుతోంది. అప్పు వడ్డీ సంగతి మా పొదుపు సంఘంలో మాట్లాడి కొంత ఇప్పిస్తానని మాటిచ్చాను. మేస్త్రి శుక్రవారం డబ్బు తీసుకుని వస్తానన్నాడట. పెద్దవాడి స్టడీ సర్టిఫికెట్ అడగడానికి బడిలో ఇద్దామనుకున్న కాగితాన్ని ఆమె చేతిలో మడిచి పట్టుకునే ఉంది. పోయేటప్పుడు దాన్ని మా మిషను మీద మరచిపోయింది. ఇంకా వచ్చి తీసుకుపోలేదు.